మూతిగుడ్డ మామ

మొన్న మా వాడలో పిండి గిర్ని దగ్గర ఒక నవ్వులాట జరిగింది. గిర్ని తిరుగుతున్నప్పుడు ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఒక ఇల్లాలు పక్కనున్న ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అత్తగారి సంగతులు గట్టిగా చెప్పుకుంటోంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. గిర్ని ఆగింది గానీ ఆమె నోరు ఆగలేదు. "ముసల్దానికి తిండి ముందు, పని ఎనక!" అని వీధంతా వినపడేలా అరిచి నాలుక కరుచుకుంది. అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వబోయాను. పిండి డబ్బా గట్టు మీదే మరిచిపోయి ఇంటికి వచ్చాను.

"పిండేది?" అని అడిగింది మా ఆవిడ.

"మూతిగుడ్డ మామ యాదికొచ్చిండు" అన్నాను. ఆమె ఇంకేమీ అడగకుండా తనే వెళ్లి డబ్బా తెచ్చుకుంది.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన మంచి పేరే ఉంది. వరంగల్లు మిల్లులో, మా నేత షెడ్డులో ఎవరూ ఆ పేరు వాడలేదు కాబట్టి నేనూ వాడను. మూతికి ఎప్పుడూ ఒక రుమాలు కట్టుకునేవాడు. అందుకని మూతిగుడ్డ మామ. మాకెవరికీ చుట్టం కాదు, అందరికీ మామే.

నేత షెడ్డు చూడనివారికి కాస్త చెప్పాలి. మరమగ్గాన్ని మేము సాంచా అంటాం. ఒకే రేకుల కప్పు కింద వరసలు వరసలుగా సాంచాలు పొద్దున మొదలుపెడితే ఆడుతూనే ఉంటాయి. పక్కన పిడుగు పడ్డా తెలియదు. ఎదుటివాడి పెదవులు ఎలా కదిలాయో చూసి మాట పట్టుకోవాలి. కొన్ని నెలలు పనిచేస్తే ఎవరికైనా ఆ విద్య వస్తుంది. దానితోపాటు చెవుడు కూడా వస్తుంది. నాకు ఇప్పటికీ సగం మాటలు వినపడవు. ఇంట్లో కొన్నిసార్లు అది మేలే అనుకోండి.

మా వరసకు ఒక జాబర్, అంటే మేస్త్రీ, ఉండేవాడు. ఎవరికి ఏ సాంచా, ఎవరికి మంచి నూలు, ఎవరికి సుట్టీ అంటే సెలవు, అన్నీ ఆయన చేతిలోనే. షోలాపూర్‌లో పని నేర్చుకుని వచ్చిన మనవైపు మనిషే. పనిమంతుడు, కాదనను. కానీ రోజుకొకడిని పదిమందిలో చిన్నబుచ్చితే తప్ప ఆయనకు తిన్నది అరిగేది కాదు. గుడ్డలో డ్యామేజి పడితే ఆ ముక్క కోసి నేసినవాడి మెడలో వేసి, షిఫ్టు మారే వేళ గేటు దగ్గర నిలబెట్టేవాడు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ చూసి పోవాలి.

సుట్టీ అడిగినవాడి గతి ఇంకా ఘోరం. రొట్టెలు తినే వేళ అందరి ముందూ నిలబెట్టి ఆరా తీసేవాడు. ఒకతను తల్లికి దగ్గు అన్నాడని, ఆ తల్లి ఎలా దగ్గుతుందో దగ్గి చూపించమన్నాడు. అతను దగ్గాడు. "ఇంకా జర గట్టిగ" అన్నాడు. మళ్లీ దగ్గాడు. కొందరు నవ్వారు. సుట్టీ మాత్రం రాలేదు. నవ్వినవాళ్లు కూడా చెడ్డవాళ్లేమీ కారు. నవ్వకపోతే రేపు తమ వంతు వస్తుందని భయం. ఆ భయంతోనే ఒకడి మీద ఒకడు చాడీలు చెప్పేవాళ్లు, పక్కవాడి నూలు కండెలు మాయం చేసేవాళ్లు. గేటు బయట, రానివాడి బదులు దొరికే బదిలీ పని కోసం ఎప్పుడూ పదిమంది నిలబడి ఉండేవారు. యుద్ధం రోజులు. నూలు దొరకక ఊళ్లలో చేతిమగ్గాలు మూలపడ్డాయి. నేతగాళ్లంతా మిల్లు గేటు వైపే చూస్తున్నారు.

నేను చేరిన కొత్తలోనే నా మెడలో డ్యామేజి ముక్క పడింది. అప్పుడు నాకు ఇరవయ్యేళ్లుంటాయి, కొత్తగా పెళ్లయింది. గేటు దగ్గర నిలబడి ఉండగా మా మామగారి ఊరివాళ్లు అటు నుంచి పోతూ చూశారు. ఇక చాలనుకున్నాను. ముక్క తీసి నేల మీద కొట్టి వెళ్లిపోతుంటే వెనక నుంచి ఎవరో భుజం పట్టుకున్నారు. మూతిగుడ్డ మామ. బయటకు వచ్చాడు కాబట్టి గుడ్డ గడ్డం కిందికి జారి ఉంది.

"పోతాన్నవా?" అన్నాడు. షెడ్డులో పనిచేసేవాళ్లమంతా బయట కూడా అరిచినట్టే మాట్లాడతాం. ఆయన ఒక్కడే మెల్లగా మాట్లాడేవాడు.

"పోత మామా. గీ బతుకు నాకొద్దు."

"పోయి ఏం జేస్తవ్?"

"బండలు గొడ్త."

"ఆడ గూడ ఒక మేస్త్రి ఉంటడు గదరా."

ఏడుపులో నాకు నవ్వొచ్చింది. ఆయన తన రుమాలు విప్పి నా మూతికి కట్టాడు.

"రేపటి సంది గిట్ల కట్టుకో. ఎవలన్న అడిగితె దూది దుమ్ముకు దగ్గొస్తాందని జెప్పు. ఆడు తిట్టేటప్పుడు నువ్వు గూడ మాట్లాడు. నీ కడుపుల ఏమున్నదో అంత ఆని మొకం మీదనే అను. ఆనికి ఇనబడదు. పెదవులు కనబడవు. లోపల్నె వెట్టుకుంటె పుండైతది బిడ్డా, సాంచల సప్పుడుల కలిపెయ్యి."

"గట్లంటె ఏం లాభం మామా?"

"లాభమా? పొద్దుమీకి ఇంటికి పోయి పెండ్లాం మీద ఒర్రవు. గది లాభం కాదా?"

మర్నాడు నేనూ రుమాలు కట్టుకుని పోయాను. జాబర్ నా ముందు నిలబడి చేతులు తిప్పుతూ తిడుతుంటే, నేను తల వంచి గుడ్డ వెనక ఆయన ఏడు తరాలనూ కడిగి ఆరేశాను. ఆ రోజు జొన్నరొట్టె ఎంత రుచిగా ఉందో చెప్పలేను. మిల్లు మానలేదు. ఇంట్లో అరవడం కూడా తగ్గిందని మా ఆవిడే అంది. మామను ఒకసారి ఇంటికి పిలవమంది. అలా ఆయన మా ఇంటికి రావడం మొదలైంది.

మామ మాత్రం తల వంచేవాడు కాదు. జాబర్ ఎంత సేపు తిట్టినా ఆయన కళ్లలోకే చూస్తూ నిలబడేవాడు. ముక్కు కింద గుడ్డ కదులుతూ ఉండేది. ఒక్కోసారి జాబర్ పక్క సాంచాకు వెళ్లిపోయాక కూడా కదులుతూనే ఉండేది. మేమంతా అటే చూసేవాళ్లం. మాలో ఎవరికీ లేని ధైర్యం ఆయనకుందని మాకు గట్టి నమ్మకం. ఆయన ఏ తిట్టు తిట్టి ఉంటాడో రొట్టెల వేళ ఊహించుకునేవాళ్లం. మాలో నోరు మురికివాళ్లు కల్పించిన తిట్లన్నీ ఆయన ఖాతాలోనే పడేవి.

"ఇయ్యాల ఏం దిట్టినవ్ మామా?" అని అడిగితే గోడవైపు తిరిగి కూర్చుని రొట్టె తింటూ, "గది నాకు ఆనికి నడుమ ముచ్చట, నీకెందుకు?" అనేవాడు. తినేటప్పుడు ఎప్పుడూ గోడవైపే. పళ్లు బాగుండవేమో, సిగ్గు అనుకునేవాళ్లం. పళ్లు బాగానే ఉండేవి. షెడ్డు లోపల నోరు ఎవరికీ కనపడకుండా చూసుకోవడం అలవాటైపోయింది, అంతే.

సాయంత్రం నల్లా దగ్గర ఆ రుమాలు ఉతికి, గట్టిగా పిండి, రెండు కొసలూ పట్టుకుని గాలికి ఆరేసుకుంటూ ఇంటిదారి పట్టేవాడు. ఎదురొచ్చినవాళ్లు పక్కకు తప్పుకునేవారు. "రోజు ఎందుకు మామా ఉతుకుడు?" అంటే, "ఇయ్యాల్టి మాటలు పోవద్దా? రేపటి మాటలకు జాగ గావాలె గద" అనేవాడు. నవ్వేవాడు కాదు, నిజంగానే చెప్పేవాడు.

ఆయనకు ఉన్నది ఒక్క కూతురు. పిల్ల పసిగుడ్డుగా ఉన్నప్పుడే తల్లి పోతే, మగ్గం గుంట పక్కన ఉయ్యాల కట్టి, ఒక కాలితో మగ్గం, ఒక కాలితో ఉయ్యాల తొక్కుతూ పెంచాడు. ములుగు దాటి అడవి వైపు ఒక ఊరికి ఇచ్చాడు. తొలికాన్పు పుట్టింట్లో చేయాలి. ఇంట్లో ఆడదిక్కు లేని మనిషి, ఏం చేస్తాడు? అత్తగారింట్లోనే ఉంచారు. మా ఆవిడకు కూడా అప్పుడే నెలలు నిండాయి. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమెను చూసి, "నా బిడ్డ గూడ గిట్లనే ఉంటది గావచ్చు" అనేవాడు.

ఒకరోజు ఆ ఊరి నుంచి ఇప్పపువ్వు అమ్మడానికి వచ్చిన ఒకాయన మిల్లు గేటు దగ్గర మామ కోసం కాచుకుని ఉన్నాడు. నేనూ పక్కనే ఉన్నాను.

"బిడ్డకు కాళ్లు వాసినయే. జరం తగ్గుతలేదు. అత్తగారోళ్లు కదిలిస్తలేరు, మంత్రసాని ఉన్నదంటాండ్రు. నాయిన వస్తె వరంగల్లు దవాఖానకు తీస్కపోతడని పొద్దందాక దర్వాజ కాడనే కూసుంటాంది" అన్నాడు.

మామ ముఖం చూస్తే నాకు భయం వేసింది. "రేపు సుట్టి అడుగుత" అన్నాడు.

మర్నాడు ఆయన సాంచా దగ్గర జాబర్ నిలబడ్డప్పుడు చూశాను. గుడ్డ కదిలింది. చాలాసేపు కదిలింది. సాయంత్రం అడిగాను.

"సుట్టి అడిగినవా మామా?"

"అడిగిన."

"ఏమన్నడు?"

"ఏమనలే."

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అడిగిన, ఏమనలే. నేను నా గుడ్డ వెనక జాబర్‌ను ఇంకా ఘోరంగా తిట్టుకున్నాను. ఒక సాయంత్రం ఉండబట్టలేక, "సుట్టి లేకుంటె ఏమాయె, పో మామా! సాంచ పోతె పోనియ్యి" అన్నాను.

"సాంచ పోతె బిడ్డను ఈడికి తెచ్చి ఏడ వెట్టాలె, ఏం వెట్టాలె?" అన్నాడు. ఆ రోజు రుమాలు గాలికి ఆరేసుకోలేదు. పిడికిట్లో పట్టుకునే నడిచాడు.

ఆ తర్వాత జరిగింది ఒక పొద్దున, రొట్టెల వేళకు ముందు. మామ సాంచా మీద పడుగు తెగింది. జాబర్ వచ్చి ఎదురుగా నిలబడి తిడుతున్నాడు. మామ ఆయన కళ్లలోకే చూస్తున్నాడు. గుడ్డ కదులుతోంది. అప్పుడే పవర్‌హౌస్‌లో ఏదో చెడింది. పైన తిరిగే తోలు పట్టాలు ఆగి, వరస తర్వాత వరస సాంచాలన్నీ నిలిచిపోయాయి. పట్టపగలు ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండడం నేను ఎప్పుడూ ఎరగను.

ఆ నిశ్శబ్దంలో మామ గొంతు వినపడింది.

"...నీ కాల్మొక్త సాబ్, ఒక్కపాలి పోయొస్త. ఒక్కతే ఉన్నది సాబ్. తల్లి లేని పిల్ల. నేను పోకుంటె ఎవలు తీస్కపోరు. నిన్న గూడ అడిగిన గద సాబ్, మొన్న గూడ అడిగిన. జర నా మొకం జూడు సాబ్..."

సాంచాలు ఆగినా మా చెవుల్లో మోత కాసేపటి దాకా ఆగదు. మామకు ఆగిన సంగతే తెలియలేదు. ఆ మోతకు అలవాటైన గొంతుతో అరుస్తున్నట్టే బతిమాలుతున్నాడు. షెడ్డంతా వింటోంది. జాబర్ నోరు తెరుచుకుని వింటున్నాడు. నేను పరుగున వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను. నా ముఖం చూశాడు. సాంచాల వైపు చూశాడు. ఆగాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"గుడ్డ తియ్యి" అన్నాడు జాబర్.

మామ గుడ్డ మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"గుడ్డ తీసి అడుగు. అందరికి ఇనబడాలె."

మామ ముడి విప్పాడు. ఆయన చేతులు మగ్గం మీద ఎంత చురుకో మాకందరికీ తెలుసు. ఆ ముడి విప్పడానికి చాలా సేపు పట్టింది. ముఖమంతా దూది దుమ్ము పట్టి ఉంది, మూతి చుట్టూ మాత్రమే చర్మం కనపడుతోంది. అందరూ చూస్తుండగా, మొదటి నుంచీ మళ్లీ అడిగాడు. ఈసారి ఆయన మామూలు గొంతుతో, మెల్లగా. ఒక్క మాట కూడా వదల్లేదు, కాళ్లు మొక్కుతానన్న మాటతో సహా. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

జాబర్ చుట్టూ చూశాడు. "గింతేనా? గిన్నొద్దులు మూతికి గుడ్డ గట్టుకోని అడిగితె నాకెట్ల ఎరుకైతది? నేనేమన్న రాకాసోన్నా? పో, ఇప్పుడే పో. నీ సాంచ ఎవలకియ్య" అన్నాడు. కొందరు తలలూపారు. జాబర్ మంచోడే అన్నారు. ఆ మాట అన్నవాళ్లలో ఆ తల్లి దగ్గు దగ్గినతను కూడా ఉన్నాడు.

మామ అట్నుంచి అటే వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే మా ఆవిడ కన్నది. కొడుకు. మామ తిరిగొచ్చిన రోజు ఈ కబురు చెబుదామని నేను ఎదురుచూస్తున్నాను. ఆయన తిన్నగా సాంచా దగ్గరికి వచ్చాడు. మూతికి గుడ్డ లేదు. జాబర్ ఎదురొచ్చి, పెదవులు పెద్దగా కదిలిస్తూ, "బిడ్డ ఎట్లున్నది?" అని అడిగాడు.

మామ పెదవులు వరసలో అందరికీ కనపడ్డాయి. "మంచిగున్నది సాబ్. కొడుకు పుట్టిండు."

జాబర్ ముఖం వెలిగిపోయింది. మామ భుజం తట్టాడు. అటు తిరిగి అందరికీ చేత్తో చూపించాడు, పసివాణ్ని ఊపుతున్నట్టు.

సాయంత్రం నేనూ సంతోషంగా పక్కన నడుస్తూ, "బిడ్డను ఇంటికి తెచ్చుకున్నవా మామా? మా ఆమె చూస్తనంటాంది" అన్నాను. ఆయన రోడ్డు పక్క మోరీ గట్టు మీద కూలబడ్డాడు.

"నేను పోయేటాల్లకు బొంద మీద మన్ను గూడ ఆరిపోయిందిరా. పిల్లగాడు గూడ తల్లెంబడే పోయిండు."

నేనూ పక్కనే కూర్చున్నాను. "మరి ఆనికి మంచిగున్నదంటివి?"

"నా తోని అందరి ముంగట అడిగిపిచ్చుకున్నడు. నా ఏడుపు గూడ ఆనికియ్యాల్నా?"

ఆయనే చెప్పాడు. "తిట్లంటరేందిరా మీరు. నాకు తిట్లు రావు. మంచి నూలియ్యి సాబ్ అని అడిగేటోన్ని. నా అవ్వను దిట్టకు సాబ్ అనేటోన్ని. అడిగిన అనే తృప్తి నాకుండాలె, అడిగిండు అనే మాట ఆనికుండొద్దు. గట్ల ఎల్లదీసిన. బిడ్డ ముచ్చట గూడ గట్లనే అయితదనుకున్ననో ఏమోరా. నోరు తెరువబుద్ధి గాలె. రేపు తెరుస్త, రేపు తెరుస్త అనుకున్న."

ఆ తర్వాత ఆయన గుడ్డ కట్టుకోవడం నేను చూడలేదు. జాబర్ మాత్రం నిజంగానే మారాడు, ఒక్క మామ విషయంలో. జీవితంలో తను చేసిన ఒక మంచిపని దొరికినట్టయింది ఆయనకు. కొత్తగా వచ్చినవాళ్లందరికీ ఆ కథ చెప్పేవాడు. మామకు మంచి సాంచా ఇచ్చాడు. అటు పోయినప్పుడల్లా ఆగి మనవడి సంగతులు అడిగేవాడు.

అందుకని మామ మా ఇంటికి వచ్చేవాడు. "నీ కొడుకు బోర్లపడ్డడా?" అనేవాడు. "పండ్లొచ్చినయా? ఏమన్న అంటాండా?" మొదట్లో మా ఆవిడ సమాధానం చెప్పలేక లోపలికి వెళ్లి ఏడ్చేది. తర్వాత తనే ఎదురెళ్లి, "ఇయ్యాల గోడ వట్టుకోని నిలవడ్డడు మామా" అని చెప్పడం మొదలుపెట్టింది. మర్నాడు షెడ్డులో ఆయన పెదవులు చూసేవాణ్ని. "నిలవడ్తాండు సాబ్." మరికొన్నాళ్లకు, "నడుస్తాండు సాబ్." చనిపోయిన పిల్లవాడు మా పిల్లవాడితో పాటు పెరిగాడు. ఆ మాటలు చెప్పేటప్పుడు మామ ముఖంలో ఏమీ ఉండేది కాదు. నాకు మాత్రం ఇంటికొచ్చి నా కొడుకును ఎత్తుకోవాలంటే మనసు ఒప్పేది కాదు.

దూది దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో చేరింది. దగ్గు ముదిరి, మా కొడుక్కి మాటలు బాగా వచ్చేనాటికి పోయాడు. రాజ్యంలో గడబిడగా ఉన్న రోజులు అవి. మిల్లువాళ్లం కొందరం కలిసి మోసుకెళ్లాం. కొడుకు చేయాల్సినవన్నీ నేనే చేశాను.

పాడె లేపకముందే జాబర్ వచ్చాడు. వస్తాడని నేను అనుకోలేదు. శవం దగ్గర నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. అది నటన కాదు, అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది. అటూ ఇటూ చూసి నా దగ్గరికి వచ్చాడు.

"బిడ్డకు కబురు వెట్టలేదా? మనుమడేడి?"

అన్నేళ్లుగా గుడ్డ వెనక తిట్టిన తిట్లన్నీ నా నాలుక చివరికి వచ్చాయి. అక్కడ ఏ చప్పుడూ లేదు. ఎంత మెల్లగా అన్నా వినపడుతుంది. నేను మామ ముఖం వైపు చూశాను.

"కబురు వెట్టినం సాబ్. రాస్తలు బాగలేవు. ములుగు దిక్కు బస్సులు నడుస్తలేవు. ఎట్లొస్తరు?"

"పాపం" అన్నాడు జాబర్. "వచ్చినంక పిల్లగాన్ని జర నా దగ్గరికి పంపు. ఒకసారి చూస్త."

"పంపుత సాబ్" అన్నాను.